పద్నాలుగో కాయ

"ఆటలు కూడు పెడతాయా?" అని తండ్రి గదమాయించడంతో అతుకులక్క చిన్నప్పుడు ఒక్క ఆటా నేర్చుకోలేదు. తీరా చూస్తే ఇరవై ఆరేళ్లుగా ఆమెకు కూడు పెడుతున్నవి ఆటలే. మ్యూజియం వెనక మరమ్మతు గదిలో ఆమె చెయ్యి పడని ఆటవస్తువు లేదు. రాజులు విసిరిన దంతపు పాచికలు, కాపలా సైనికులు పొద్దుపోక గీసుకున్న రాతిపలకలు, చెమటకు మెత్తబడ్డ పేకముక్కలు, నిన్నమొన్నటి పిల్లలు కసికొద్దీ నొక్కి విరగ్గొట్టిన వీడియోగేమ్ మీటలు. ఏ కాలం వాడైనా ఓడిపోతే చేతిలోది నేలకేసి కొడతాడని పగుళ్లే ఆమెకు చెప్పాయి.

ఆ ఉదయం మాత్రం ఆమెకు ముచ్చెమటలు పోశాయి.

బల్ల మీదున్నది తవ్వకాల్లో దొరికిన ఆటపలక. వేల ఏళ్ల కిందట ఎవరో ఇద్దరు ఆట మధ్యలో లేచిపోయారు. ఇల్లే కూలిందో, శత్రువే వచ్చాడో! కాయలు మట్టితో కరుచుకుని ఎక్కడివక్కడే ఉండిపోయాయి. ఆ ఆట ఎలా ఆడేవారో చెప్పడానికి అవి ఉన్న గడులు తప్ప వేరే సాక్ష్యం లేదు. అందుకే బొమ్మ గీసుకోకుండా ఏదీ కదిలించకూడదని ఆ గదిలో కట్టుబాటు. పదమూడు కాయలకూ గీసింది. మూలనున్నది ఒట్టి మట్టిగడ్డేనని తడిపి లాగింది. గడ్డతోపాటు పద్నాలుగో కాయ ఊడి చేతిలోకొచ్చింది.

గడ్డ రెండు గడుల మీద పరుచుకుని ఉండేది. కాయ ఎందులోదో ఆనవాలు మిగల్లేదు. ఇప్పటిదాకా పండితులు ఊహించిన లెక్కన, చివరి గడిలోదైతే ఇంకొక్క అడుగులో పండుతుంది. దాని పక్కదైతే ఎదుటివాడి చేతిలో చచ్చినట్టే. నిరుడు చదరంగం గుర్రం చెవి విరిగినప్పుడే, "ఇంకొక్క తప్పు జరిగితే ఈ బల్ల మీకుండదు," అనేశాడు మ్యూజియం పెద్దసారు. పదకొండింటికి ఈ ఆట మీద పుస్తకం రాస్తున్న ప్రొఫెసర్ వస్తాడు.

భయం ఎంత పనైనా చేయిస్తుంది. పది యాభైకి కాయను చివరి గడిలో పెట్టేసింది.

ప్రొఫెసర్ పెద్దసారుతో కలిసి వచ్చి, పలక చూసి చప్పట్లు కొట్టాడు. "చూశారా! గెలిచేది ఇటువైపువాడే. పదేళ్లుగా నేను మొత్తుకుంటున్నది ఇదే!" అంటూ నోటుపుస్తకం తీసి గబగబా రాసుకోసాగాడు. ఒక పేజీ నిండింది. రెండో పేజీ తిప్పాడు. ఆమె ఆ పేజీకి అడ్డంగా చెయ్యి పెట్టింది.

"రాయకండి సార్. ఆ కాయ అక్కడ పెట్టింది నేను," అని దాన్ని తీసి పలక బయట పెట్టింది. "అసలు ఎక్కడుండేదో నాకు తెలీదు."

పెద్దసారు ఆమె చెవి దగ్గరికి వంగాడు. "ఊరుకోండక్కా! మన ముగ్గురం బయట చెప్పకపోతే ఎవరికి తెలుస్తుంది?"

"ఇద్దరూ వదిలేసిన ఆటలో ఒకణ్ణి నేను గెలిపించేశాను సార్. రేపు లోకమంతా దాన్నే చదువుకుంటుంది."

పెద్దసారు చెయ్యి చాపాడు. ఆమె బల్ల సొరుగు తాళంచెవి ఆ చేతిలో పెట్టింది.

బయట మెట్ల మీద కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చింది. కాసేపటికి ప్రొఫెసర్ వచ్చి పక్క మెట్టు మీద నిలబడ్డాడు. అబద్ధం అచ్చు కాకుండా ఆపావమ్మా అని ఆయన ఒక్క మాటంటే చాలనిపించింది. ఆయన రాసిన రెండు పేజీలూ చింపి జేబులో కుక్కుకుని, ఆమెవైపు చూడకుండా మెట్లు దిగి వెళ్లిపోయాడు.