బానెట్ మీది గింజ

మా మేనమామ పోయాడు. గద్వాల అవతల ఒక సీడ్ పత్తి చేలో, పత్తి ఏరుతున్న ఆడవాళ్లతో మాట్లాడుతూ గట్టు మీద కూర్చున్నాడట. మంచినీళ్లు అడిగాడట. ఎవరో సీసా తెచ్చేలోపే పక్కకు ఒరిగాడట. దవాఖానకు తీసుకుపోయినా లాభం లేకపోయింది. అమ్మ ఫోన్ చేసి, "మామ పోయిండురా," అని ఒక్క మాట చెప్పి పెట్టేసింది.

అప్పుడు నేను హైదరాబాద్‌లో పనిలో ఉన్నాను. ఖరీదైన కొత్త కార్లు షోరూము నుంచి నేరుగా మా దగ్గరికి వస్తాయి. వాటికి పైపూత వేసే ముందు, ఫ్యాక్టరీలో రంగు ఎక్కడైనా తేడా పడిందేమో పెద్ద లైట్ల కింద వెతకడం నా పని. ఎంత గొప్ప కారుకైనా ఏదో ఒకటి ఉంటుంది. ఒకచోట రంగు జారి గడ్డకడుతుంది, ఒకచోట నారింజ తొక్కలా గరుకుగా తేలుతుంది, ఒకచోట దుమ్ము రేణువు రంగు కింద చిక్కుకుని అలాగే ఆరిపోతుంది. ఆ రోజు కూడా ఎవరిదో కారు డోరు మీద వంకలు వెతుకుతున్నాను. మామ కొత్త కారేమో కంపెనీ వర్క్‌షాపులో బానెట్ ఊడదీసి నిలబడి ఉంది. దాన్ని అక్కడికి పంపింది నేనే. ఆయన గురించి నాలుగు మంచి మాటలు రాయబోతే ముందు అదే గుర్తొస్తోంది.

మామ ఆర్గనైజరు. మా వైపు ఆ మాట తెలియనివాళ్లు ఉండరు గానీ, తెలియనివారికి చెబుతాను. విత్తనాల కంపెనీకీ, సీడ్ పత్తి వేసే రైతుకూ మధ్య మనిషి. సీడ్ పత్తిలో సాయంత్రం పువ్వు పువ్వునూ చేత్తో ఒలవాలి, తెల్లారి మగపువ్వు తెచ్చి దాని మీద రుద్దాలి. ఇంటిల్లిపాదీ చేలోనే ఉంటారు. అంతా చేశాక కంపెనీవాళ్లు కొన్ని గింజలు తీసుకుపోయి మొలకెత్తించి చూస్తారు. అందులో వేరే రకం తేడా మొక్కలు కనబడితే ఆ రైతు ఇచ్చిన గింజల లాటు మొత్తం ఫెయిల్, విత్తనం ధర రాదు. ఆ కబురు రైతు ఇంటికి మోసుకుపోవాల్సినవాడు మామ.

ఆయన ఆ కబురు ఫోన్లో చెప్పేవాడు కాదు. ఇంటికి పోయి, అరుగు మీద కూర్చుని, ముందు మంచినీళ్లు అడిగేవాడు. తాగి, వానల గురించీ పిల్లల చదువుల గురించీ మాట్లాడి, అప్పుడు చెప్పేవాడు. అందుకే సీడ్ కాలం దాటాక మామ ఏ ఇంట్లోనైనా నీళ్లడిగితే ఆ ఇంటివాళ్ల గుండె జారిపోయేది. "గింజను చూసి చేను మీద తీర్పు చెప్పొద్దు అల్లుడా, నాకైతే చెప్పక తప్పుతలేదు," అన్నాడు ఒకసారి. ఫెయిల్ అనే మాట మాత్రం ఆయన నోట నేను ఎన్నడూ వినలేదు. "ఈసారికి రాలే" అనేవాడు.

ట్రాక్టరు నేర్చిన నాటి నుంచీ ఆయనకు బండ్ల పిచ్చి. చివరికి తన ఇష్టం తీర్చుకున్నాడు. ఇద్దరే పట్టే స్పోర్ట్స్ కారు, పత్తిపువ్వు పసుపు. గద్వాలలో దాన్ని చూసినవాళ్లు, "గింత బండి కొని ఆటో రంగేయించుకున్నవేందే అన్నా?" అని ఆటపట్టిస్తే అందరికంటే ముందు తనే నవ్వాడు. నేలకు అంటుకుపోయే ఆ కారును జూరాల డ్యాం మీదుగా అమరచింతకు, మా అమ్మ దగ్గరికి తెచ్చాడు. ప్రతి స్పీడు బ్రేకరు దగ్గరా దిగి, వంగి చూసుకుని, మళ్లీ ఎక్కి, అడ్డంగా తిప్పి దాటించాడట. అమ్మ ఒకసారి అందులో కూర్చుని చూసి, "ఇదేందిరా తమ్మీ, బండా పీటనా?" అంది.

అమ్మకు కళ్లు సరిగ్గా ఆనవు. శుక్లాలు. ఆ పసుపు ఆమెకు మసకగా ఏదో వెలుగులా కనిపిస్తుందంతే. అందుకని మామ ఆమె చెయ్యి పట్టుకుని కారు చుట్టూ తిప్పాడు. ఎడమవైపు లైటుకు కొంచెం పైన ఆమె వేలు ఆనించి, "ముట్టుకో అక్కా. ఏమన్న తగుల్తుందా?" అన్నాడు.

"ఏందిది, నువ్వుగింజ లెక్క?"

"దుమ్ము. రంగేసేటప్పుడు వడ్డట్టుంది. అంత పెద్ద కంపెనీల గూడ గాలొస్తది సూడు!"

ఇద్దరూ నవ్వుకున్నారు. సెలవుకు ఊరొచ్చి పక్కనే ఉన్న నాకు మాత్రం నవ్వు రాలేదు. వంగి చూశాను, ఫోను లైటు వేసి చూశాను. కొత్త బండికి అది ఉండకూడదని, కంపెనీ మీద ఫిర్యాదు చేయాలని, బానెట్‌కు మళ్లీ రంగు వేయించి ఇవ్వాల్సిందేనని చెప్పాను.

"వంకలేనమ్మ డొంక పట్టుకొని ఏడ్చిందంట. వదిలెయ్యిరా," అన్నాడు మామ. నేను వదల్లేదు. ఫోన్ చేసిన ప్రతిసారీ అదే మాట. ఒకరోజు జర గట్టిగానే అన్నాడు: "రెండు మొక్కలు తేడా వచ్చినయని లాటంత పక్కకు పెట్టినోళ్లను బతుకంత చూసిన. నేను గట్ల చెయ్య."

అప్పుడైనా ఊరుకోవాల్సింది. "అయితే నా పనికి విలువ లేదన్నట్టే కదా మామా?" అన్నాను. ఆ మాట ఎక్కడ తగులుతుందో తెలిసే అన్నాను.

కార్తీకం వచ్చింది. సోమవారం అమ్మను కృష్ణ ఒడ్డున సోమశిల శివుడి గుడికి తీసుకుపోతానని మామ ఎప్పుడో మాటిచ్చాడు. ఆయన పసితనంలో ఇంటిల్లిపాదీ మొక్కు తీర్చుకోవడానికి నడిచిపోతే, దారి పొడుగునా ఆయన్ను ఎత్తుకున్నది అమ్మేనట. "నన్ను సంకన ఏసుకొని పోయినవు. నిన్ను ఈ బండ్ల ఏసుకొని పోత," అనేవాడు. అమ్మ ఏ చీర కట్టుకోవాలో కూడా అనుకుని పెట్టుకుంది. సరిగ్గా అప్పుడే కారు కంపెనీవాళ్లు ఒప్పుకున్నారు, బండి పంపమన్నారు. "సోమవారం పోయొచ్చినంక పంపుదాంరా," అన్నాడు మామ. ఆలస్యం చేస్తే మాట మారుస్తారని భయపెట్టాను. "వచ్చే సోమవారం పోవచ్చు. కార్తీకం ఎక్కడికీ పోదు," అన్నాను.

తనే నడుపుకుంటూ హైదరాబాద్ వచ్చాడు. నేను పనిచేసే చోట కుర్చీలో కూర్చుని మంచినీళ్లు అడిగాడు. తాగి, ఆ లైట్లన్నీ చూసి, "మంచిగుందిరా నీ పని," అన్నాడు. తరువాత జేబులోంచి తాళంచెవి తీసి నా చేతిలో పెట్టాడు. ఆ నీళ్లు ఎందుకడిగాడో నాకు అప్పుడు తట్టనే లేదు. గెలిచానన్న సంతోషంలో ఉన్నాను. ఆయన బస్సెక్కి గద్వాల వెళ్లిపోయాడు.

ఆ పసుపు కుదరడం కష్టమన్నారు. బానెట్ రంగు పక్క రేకు రంగుతో కలవడం లేదన్నారు, మళ్లీ వేస్తామన్నారు. నేనూ తగ్గలేదు, కలిసేదాకా ఇవ్వొద్దన్నాను. సోమవారాలు పోతూనే ఉన్నాయి. మామ ఒక్కసారి కూడా బండి గురించి అడగలేదు. అమ్మ మాత్రం ఒకసారి అడిగింది, "వస్తదా ఈ వారం?" అని. ఆ కార్తీకంలోనే మామ పోయాడు.

పెద్దకర్మ అయ్యాక కారు చేతికొచ్చింది. మా అత్తమ్మ దాన్ని చూడలేనంది. "మీ అమ్మను సోమశిలకు తీస్కపో. ఆయన మాట ఉండిపోయింది," అంది. అమరచింత తీసుకుపోయి ఇంటి ముందు ఆపాను. నిజం చెప్పాలంటే పని అద్భుతంగా చేశారు. ఎండలో ఎటు నుంచి చూసినా ఒక్క వంక లేదు. నా వృత్తిలో అంత మంచి పని ఎక్కువ చూడలేదు.

అమ్మ బయటికి వచ్చింది. డోరు తీసి పట్టుకున్నాను. ఆమె ఎక్కలేదు. గోడ పట్టుకున్నట్టు కారును పట్టుకుని ముందుకు నడిచింది. ఎడమవైపు లైటు దగ్గర ఆగి, పైన అరచేయి పెట్టి మెల్లగా రాసింది. కొంచెం పక్కకు, కొంచెం కిందికి, మళ్లీ పైకి. ఆ తరువాత ఒక్క వేలితో వెతికింది.

"ఏడుండెరా అది?" అంది.

పోయి ఆమె చెయ్యి పట్టుకున్నాను. అక్కడే ఉండాలి. ఎన్ని ఫోటోలు తీశానో, ఎంతమందికి పంపానో. ఆమె వేలిని ఇక్కడ పెట్టాను, అక్కడ పెట్టాను. అంతా నున్నగా జారిపోతోంది. నాకూ దొరకలేదు.