తేనెరంగు గులాబీ వేళ్లు

మా పిన్నిది పట్టుదల. మొండితనం అంటే ఆవిడ ఊరుకోదు కాబట్టి నేనూ పట్టుదలే అంటాను. ఇంటి వెనకే ఆవిడ నర్సరీ. అందులో తేనెరంగు గులాబీ ఒకటుంది. గింజ నుంచి తనే మొలిపించుకున్న రంగు, ఇంకెక్కడా లేదు. ఈ ఏడే మొదటిసారి దానికి అంటు కట్టాలనుకుంది. అది పోతే ఆ రంగే పోతుంది.

బస్సు డ్రైవరుగా రిటైరైన మా బాబాయికి కాలు నిలవదు. పిన్ని మా ఇంటికి వచ్చిన రోజు చూసి, సాయం చేద్దామని పార పట్టాడు. గులాబీ మొదట్లో మట్టి గుల్లచేశాడు. ఎంత లోతుగానంటే, పైపైన పాకిన సన్నవేళ్లన్నీ తెగిపోయాయి. కొన్నాళ్లకే కింది ఆకులు పండిపోయాయి. హడలిపోయి ఎరువు తెచ్చాడు.

పిన్ని ఆయన చెయ్యి గట్టిగా పట్టుకుంది. "ఆగండి! మట్టిలో బలం లేక కాదు. అందుకునే వేళ్లు తెగిపోయాయి. ఇప్పుడు ఎరువేస్తే మిగిలినవీ మాడిపోతాయి."

"మరి చూస్తూ ఊరుకుంటామా?"

"ఊరుకోం. దానిమీద బరువు దించుదాం."

కత్తెర తీసింది. నిండుగా మొగ్గలున్న కొమ్మల్ని కత్తిరించింది. పక్కనే నిలబడ్డ నాకు ప్రాణం ఉసూరుమంది. పిన్నికీ ఏడుపొచ్చింది, అయినా చెయ్యి ఆపలేదు.

"ఈ కొమ్మలకే అంటు కట్టకూడదా పిన్నీ?" అన్నాను.

"నీరసించిన కొమ్మ అతకదే. ముందు ఇది బతకాలి."

మొక్కకి నీడ కట్టింది. నీళ్ల పని బాబాయికే అప్పజెప్పింది, మట్టిని వేలితో చూసి, ఆరితేనే పొయ్యాలని. పక్కింటావిడ పీకెయ్యమని సలహా ఇచ్చింది. "నేనింకా చేతులెత్తెయ్యలేదండీ" అంది పిన్ని.

బాబాయి దాన్ని కనిపెట్టుకుని కూర్చున్నాడు. చాలా రోజులకి ఎర్రటి చిగురొచ్చింది. ఆ చిగురు చివర చిన్న మొగ్గ! బాబాయి కేకలకి వీధి వీధంతా తొంగి చూసింది. పిన్ని వచ్చి చూసింది, చూపు మొక్క మొదలుకేసి తిప్పింది. ఆయన మొహం వాడిపోయింది.

"తుంచెయ్యాలంటావా?"

"మీరే చెప్పండి."

బాబాయి మొగ్గని పట్టుకున్నాడు. "ఇది పూస్తే తిండంతా ఇదే లాగేస్తుంది. వేళ్లు ఇంకా సాగాలి కదే."

గోటితో మొగ్గ గిల్లి పిన్ని అరచేతిలో పెట్టాడు. తర్వాత వంగి, మట్టిలో వేలు పెట్టి చూశాడు.