డబ్బా మోగని మధ్యాహ్నం

చేపల మార్కెట్‌కి టేకు చేప వచ్చిన రోజు నాకు కళ్ళకంటే ముందు ముక్కుకు తెలిసిపోతుంది. చాటంత ఒళ్ళు, వెనక బారెడు తోక, ముక్కు మండించే ఘాటు వాసన. మొన్న వంజరం కోసం వెళ్ళి ఆ వాసన దగ్గర ఆగిపోయాను. “టేకు తీసుకోక్కా, పులుసుకు బాగుంటాది. తోక కోసేసి ఇస్తాలే” అంటూ చేపలమ్మే ఆవిడ తోకను పట్టి పైకెత్తింది. నలభై మూడేళ్ళదాన్ని, నెల్లూరు ఆస్పత్రిలో నర్సుగా పగిలిన తలలూ తెగిన వేళ్ళూ రోజూ చూసేదాన్ని, ఆ తోక గాల్లోకి లేవగానే రెండు చేతులతో చెవులు మూసుకున్నాను. ఆవిడ నవ్వింది. సిగ్గేసి నేనూ నవ్వాను.

చిన్నప్పుడు మా ఇంట్లో అలాంటి తోకే తలుపు వెనక మేకుకు వేలాడేది. కావలికి తూర్పున, సముద్రానికి కూతవేటు దూరంలో మా పల్లె. ఊళ్ళో సగం మంది వేటకు పోతే మిగతా సగం ఉప్పు పండించేవాళ్ళు. ఎండబెట్టిన టేకు తోకకు కొబ్బరినూనె రాసి కొరడాలా దాచుకోవడం అక్కడ చాలా ఇళ్ళలో ఉండేది, వంటింట్లో గరిటె ఉన్నట్టే. దాని మీద సన్నని ముళ్ళలాంటి గరుకు ఉంటుంది. తగిలినప్పుడు ఒక నొప్పి, లాగినప్పుడు ఇంకొకటి. మా నాయన ప్రార్థనకు ఎంత నిష్ఠగా మోకరించేవాడో, కొట్టడానికీ అంతే నిష్ఠగా లేచేవాడు.

బాల్యమంటే అందరికీ వాన గుర్తొస్తుంది, కాగితం పడవలు గుర్తొస్తాయి. నాకూ మంచివి లేకపోలేదు: తాటిబుర్రలతో చేసిన బండ్లు, ఉప్పుటేటి బురదలో పీతల కోసం మోచేతిదాకా పెట్టిన చేతులు, మామిడికాయ ముక్కలేసి అమ్మ కాచిన నెత్తళ్ళ పులుసు, క్రిస్మస్‌కు ముందు వారమంతా ఇంటింటా వేగే అరిసెల బెల్లం వాసన, తెల్లవారకముందే గుడిసెల మధ్య కీర్తనలు పాడుతూ తిరిగే పెద్దవాళ్ళ బొంగురు గొంతులు. కానీ వాన మాత్రం మాకు శత్రువు. నెలల తరబడి మళ్ళలో ఉప్పునీళ్ళు కట్టి, ఎండకు గడ్డకట్టిన ఉప్పును పారలతో గీకి, గట్ల మీద కుప్పలు పోశాక, ఒక్క గంట వాన పడితే అంతా నీళ్ళపాలు. పడిన రోజున నాయన ఆకాశాన్ని ఏమీ చెయ్యలేక ఇంటికొచ్చేవాడు. అత్త మీద కోపం దుత్త మీద అన్నట్టు, ఆ రోజు అమ్మ వీపు మీద పార కర్ర విరిగేది. ఒకసారి నిజంగానే విరిగింది. విరిగిన ముక్కను అమ్మే పొయ్యిలో పెట్టి అన్నం వండింది.

వేసవిలో మబ్బును కాపలా కాసే పని పిల్లలది. మధ్యాహ్నాలు గట్టు మీద కూర్చుని, పడమట వెలిగొండల వైపు నల్లబడగానే కిరసనాయిలు డబ్బాను కర్రతో మోగించాలి. ఆ చప్పుడుకు ఎక్కడివాళ్ళక్కడ పరుగెత్తుకొచ్చి కుప్పల మీద తాటాకులు కప్పేవాళ్ళు. నా తొమ్మిదో ఏట మా మళ్ళకు ఆ పని నాకిచ్చాడు నాయన. “నీ కళ్ళు మబ్బు మీద్నే ఉండాల మే, సువార్తా” అన్నాడు. నాకు ఎంత గర్వమో చెప్పలేను. ఆయన నన్ను నమ్మిన పని అదొక్కటే.

ఆ వేసవిలోనే ఒక మధ్యాహ్నం దక్షిణాన శ్రీహరికోట వైపు తెల్లటి పొగ ఒకటి లేచింది. సన్నగా మొదలై, మొనలో నిప్పుకణం మెరుస్తూ, వంగి సముద్రం మీదికి సాగింది. రాకెట్‌ను చూడటం అదే మొదటిసారి. డబ్బా మీద కర్ర అలాగే పెట్టి, నోరు తెరుచుకుని, పొగ ముడతలు పడి చెదిరేదాకా చూశాను. అంత సంతోషం అంతకుముందు తెలియదు. నా వెనక పడమర నల్లబడింది. మెడ మీద చినుకు పడ్డాక తిరిగాను, అప్పటికి గాలివాన మా మీదే ఉంది.

తాటాకులు గాలికి లేచిపోయాయి. కుప్పలు మా కళ్ళముందే కుంగి, తెల్లటి నీళ్ళై కాలవలో కలిశాయి. నాయన నన్ను జుట్టు పట్టుకుని ఇంటిదాకా ఈడ్చాడు. తోక మొదటి దెబ్బ తొడల మీద, రెండోది వీపు మీద, తరవాతిది ఎడమ చెవి మీద. చెవిలో సముద్రం హోరెత్తింది. కింద పడ్డాక కూడా ఆగలేదు. “ఏం జూస్తుండావే? ఏం జూస్తుండావు ఆడ?” అని ప్రతి దెబ్బకూ అడిగాడు. గుమ్మం బయట చుట్టుపక్కల వాళ్ళు నిలబడి, మొక్కై వంగనిది మానై వంగునా అనుకున్నారు. అమ్మ గాయాలకు పసుపు పెడుతూ, “ఇస్కూల్లో అడిగితే గట్టు మీంచి జారి పడినానని జెప్పు” అంది. అలాగే చెప్పాను. ఆ చెవి ఇప్పటికీ సగమే వినిపిస్తుంది.

ఆ తరవాత నేను దేన్నీ ఒళ్ళు మరిచి చూడలేదు. పెళ్ళిలో ఉన్నా, పురిటి మంచం మీద ఉన్నా, వెనక ఏదో నల్లబడుతోందనే భయం. ఇంట్లో ఎవరు అజాగ్రత్తగా ఉన్నా నాకు ఒళ్ళు మండేది. రెండేళ్ళ కిందట నా కూతురు దీవెన, అప్పుడు దానికి ఎనిమిదేళ్ళు, టీవీలో లీనమై పొయ్యి మీద పాలు పొంగిపోనిచ్చింది. నా చెయ్యి దాని చెవి మీద పేలింది. “ఏం చూస్తున్నావే?” అన్న కేక విన్నాక గానీ అది ఎవరి కేకో నాకు తెలియలేదు. చెవిలోంచి నెత్తురొచ్చింది. మర్నాడు టీచర్ అడిగితే మెట్ల మీంచి పడ్డానని చెప్పిందట. అలా చెప్పమని నేను నేర్పలేదు.

ఆ వారమే కౌన్సెలింగ్ చేసే లీలగారి దగ్గరికి వెళ్ళాను. ఆవిడ చేసేదాన్ని స్కీమా థెరపీ అంటారు. చిన్నప్పుడు బతకడానికి నేర్చుకున్న పాఠం మనసులో అచ్చుపడి, అవసరం తీరాక కూడా మనల్ని నడుపుతూ ఉంటుందనీ, ఆ అచ్చు పడిన చోటికే వెళ్ళి అక్కడి పిల్లకు అప్పుడు దొరకనిది ఇప్పుడు ఇవ్వాలనీ చెప్పారు. కళ్ళు మూసుకుని ఊహలో ఆ పాత ఇంట్లోకి వెళ్ళమన్నారు, ఇప్పటి వయసుతో. మొదటిసారి వెళ్ళి నేనేం చేశానంటే, కింద పడున్న ఆ తొమ్మిదేళ్ళ పిల్లనే తిట్టాను. మబ్బు చూడమంటే రాకెట్ చూస్తావా అని.

నెలలు పట్టింది. ఒకరోజు లీలగారి గదిలో కళ్ళు మూసుకునే నాయన చేతిలోంచి తోక లాక్కున్నాను. లాక్కుని ఆయన్ని కొట్టాను. అమ్మ వీపు గుర్తొచ్చి కొట్టాను, చెవి గుర్తొచ్చి కొట్టాను, ఆయన గోడకు ఆనుకుని చేతులు అడ్డం పెట్టుకున్నా ఆపలేదు. నా పిడికిళ్ళు నిజంగానే కుర్చీ చేతుల్ని బాదుతున్నాయి. లీలగారు ఆపలేదు. నా ఊపిరి నెమ్మదించాక ఒక్క మాట అడిగారు. “ఆ పిల్ల ఏం చేస్తోంది, సువార్తగారూ?”

దాన్ని మరిచేపోయాను. చూస్తే మూలన ముడుచుకుని, చెవులు మూసుకుని, నన్ను చూసి వణుకుతోంది. తోక నా చేతిలో ఉంది మరి. ఆ రోజు ఏడ్చినట్టు నాయన చనిపోయినప్పుడు కూడా ఏడవలేదు. తరవాతి వారం మళ్ళీ వెళ్ళి, తోకను కింద పడేసి, ఆయనకు అడ్డంగా నిలబడి, పిల్లను ఎత్తుకుని గట్టు మీదికి తీసుకుపోయాను.

ఇదంతా జరిగాక కూడా తప్పు చేశాను. మొన్న, ఆ మార్కెట్ నుంచి వచ్చిన రోజే, మేడ మీద మాగాయకు ఉప్పేసిన మామిడి ముక్కలు ఎండబెట్టి, “మబ్బేస్తే కేకెయ్యి” అని దీవెనను కాపలా పెట్టాను. ఆ పని దానికిస్తున్నప్పుడు నాకేమీ తట్టలేదు. కేక రాలేదు, వానొచ్చింది. పరుగెత్తి పైకి వెళితే ముక్కలన్నీ ఉప్పునీళ్ళలో తేలుతున్నాయి. పిట్టగోడ పట్టుకుని అది దక్షిణం వైపు చూస్తోంది. నా చెయ్యి లేచింది. అది తిరిగి, నన్ను చూసి, చెవి మూసుకుంది.

చేతిని దించి తడి నేల మీద కూర్చున్నాను. “రాకెట్టా?” అని అడిగాను.

“సగమే కనపడిందమ్మా” అంది, నా చేతుల వంకే చూస్తూ.

ఆ ఉప్పు మళ్ళు ఇప్పుడు లేవు, అన్నీ రొయ్యల గుంటలైపోయాయి. డబ్బాలు మోగించే పిల్లలు లేరు, మా ఇల్లు లేదు, తలుపు వెనక మేకు లేదు, నాయన లేడు. వానలో పక్కపక్కన కూర్చున్నాక, పొగ ఎటు వంగిందో దీవెన చెప్పడం మొదలుపెట్టింది, ఒక చేత్తో చూపిస్తూ. రెండో చెయ్యి ఇంకా చెవి మీదే ఉంది.