గుడ్డ లాంచర్లు కుట్టే టేపన్న

మెడలో టేపు లేకుండా మా టేపన్నను చూసినవాళ్లు లేరు. పెళ్లి ఫోటోలో కూడా టేపు వేలాడుతోందని వదిన ఎకసెక్కం. ఒకప్పుడు లారీలకు టార్పాలిన్లు కుట్టేవాడు. ఇప్పుడు లారీలనే కుడుతున్నాడు, టైర్లతో సహా.

నవ్వకండి. మా పక్క దేశం చాలా పెద్దది. దాన్ని పేరు పెట్టి పిలవడం ఎప్పుడో మానేశాం, పెద్దింటివాళ్లు అంటాం. వాళ్లకు లేని ఆయుధం లేదు. మేం క్షిపణులు పేల్చే లాంచర్లు కొందామని కనబడ్డ గడపల్లా తొక్కాం. ఒక దేశం సగం ఇచ్చి, మిగతావి రేపు మాపు అంటూ తిప్పుకుంది. ఇంకొకటి పెద్దింటివాళ్లు కన్నెర్రజేయగానే మాట మార్చింది. చేతికొచ్చిన ఆ కాసిన్నింటినీ లారీల మీదికెక్కించి అడవుల్లో దాచారు. అవి ఉన్నన్నాళ్లూ పెద్దింటివాళ్లు సరిహద్దు దాటడానికి జంకుతారు. అవి కూడా పోతే ఇక పొట్టేలు కొండను ఢీకొన్నట్టే. అందుకని కొనలేని లాంచర్లను కుట్టిద్దామనుకుంది మా సైన్యం. పొట్టివాడికి పుట్టెడు బుద్ధులని ఊరికే అన్నారా? గుడ్డ మీద పడ్డ ప్రతి బాంబూ అసలు లాంచర్ మీద పడనట్టే లెక్క.

మా షెడ్డు ఊరి చివర మూతబడ్డ పరుపుల ఫ్యాక్టరీ. బోర్డు ఇంకా అదే. టేపన్న గుడ్డ కత్తిరించి కుడతాడు, నేను రంగు వేస్తాను. గాలి పంపు పెడితే అది బుసబుసమంటూ లేచి లారీలా నిలబడుతుంది. లోపల చిన్న స్టవ్ వెలిగిస్తారు. పైనుంచి చూసే డ్రోన్లకు ఇంజిన్ వేడి మీద ఉన్నట్టు కనబడాలి కదా. ఎండకు వెలిసిన రంగు, బురద మరకలు, డోరు మీద సొట్ట అన్నీ నా పని. సొట్టలు వేయడం నాకు భలే సరదా.

పనిలో చేర్చుకునేటప్పుడే ప్రమాణం చేయించారు. కట్టుకున్నదానికి కూడా చెప్పకూడదు. నాకు కట్టుకున్నదీ లేదు, అడిగేవాళ్లూ లేరు కాబట్టి సరిపోయింది. టేపన్న సంగతి అలా కాదు. వదిన నోట్లో నువ్వుగింజ నానదు. అందుకని పరుపులు కుడుతున్నానని చెప్పాడు. "దేశం తగలబడుతుంటే మా ఆయన పరుపులు కుడుతున్నాడు" అని ఆవిడ వీధంతా చెప్పుకుంది. ఉన్న ఒక్క కొడుకునూ సైన్యం పిలిచి, అసలు లాంచర్ల దగ్గర కాపలా పెట్టింది. వెళ్లేరోజు బస్సు మెట్టు మీద నిలబడి వాడు, "నువ్వు హాయిగా పరుపుల మీద పడుకో నాన్నా" అన్నాడట. ఆ మాట నాకు చెప్పడానికే టేపన్నకు చాలా రోజులు పట్టింది. వీధిలో పలకరించేవాళ్లు తగ్గిపోయారు. మధ్యాహ్నం నా ఎదురుగా కూర్చుని అన్నం తింటున్నా మనిషి ఇక్కడ ఉండేవాడు కాదు. అంత ఒంటరి మనిషిని నేను చూడలేదు. నేనేమో ఒంటరితనంలో పండిపోయిన వాణ్ణి.

మొదట్లో పెట్టిన గుడ్డ లాంచర్లను పెద్దింటివాళ్లు ఖాతరు చేయలేదు. వాటిని దాటుకుని వెళ్లి అసలుదాన్నే కొట్టారు. మా షెడ్డును నడిపే ఇంజినీరమ్మ, పైనుంచి తీసిన ఫోటోలు బల్ల మీద పరుచుకుని తల పట్టుకుంది.

"ఎక్కడ తేడా కొడుతోందో అర్థం కావట్లేదు" అంది.

టేపన్న టీ ఊదుకుంటూ తొంగిచూశాడు. "ఏముందమ్మా, కాపురం లేని కొంపలా ఉంది. మనుషులున్న చోట పొయ్యి పొగ ఉంటుంది, ఉతికిన బట్టలు ఆరేసి ఉంటాయి, ఒంటికెళ్లొచ్చే కాలిబాట ఉంటుంది."

అందరం పడీపడీ నవ్వాం. ఇంజినీరమ్మ కూడా నవ్వింది. నవ్వి, ఫోన్ తీసుకుని బయటికి వెళ్లింది.

ఆ తర్వాత ప్రతి గుడ్డ లాంచర్ దగ్గరా కొందరు కుర్రాళ్లను కాపురం పెట్టారు. వండుకోవడం, బట్టలు ఆరేసుకోవడం, పైనుంచి కనబడేలా తిరగడం వాళ్ల డ్యూటీ. పెద్దింటివాళ్లు నమ్మేశారు. కొద్ది రోజుల్లోనే ఒకదాన్ని తునాతునకలు చేశారు. షెడ్డులో మిఠాయిలు పంచారు.

"కుర్రాళ్లేమయ్యారు?" అని అడిగాడు టేపన్న.

"గోతులు తవ్వుకున్నారుగా. చాలామంది దూకేశారు" అంది ఇంజినీరమ్మ.

చాలామంది అంటే అందరూ కాదని మాకు అర్థమైంది. టేపన్న తన మిఠాయి నా టిఫిన్ డబ్బాలో పెట్టేసి మిషన్ దగ్గరికెళ్లాడు. నేనూ తినలేకపోయాను.

ఓ ఆదివారం వాళ్లింటికి భోజనానికి వెళ్లాను. వడ్డిస్తుండగా కొడుకు ఫోన్ చేశాడు. వదిన స్పీకర్ పెట్టింది.

"అమ్మా, నన్ను మంచి చోటికి మార్చారే. ఇక్కడ అసలు లాంచర్ లేదు, ఉత్త గుడ్డబొమ్మ. ఎవరితోనూ అనకు. ఉతికిన బట్టలే మళ్లీ ఉతికి ఆరేస్తున్నాం, అదే పని. గుడ్డబొమ్మ మీద బాంబెవడేస్తాడు చెప్పు?"

వదిన కళ్లు తుడుచుకుంటూ నవ్వింది. టేపన్న చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. వాడు చెప్పినదాన్ని కుట్టింది ఆయన. అక్కడ మనుషుల్ని పెట్టాలన్న ఊసు ఎత్తిందీ ఆయనే. మన వేలు మన కంట్లోనే పొడుచుకోవడమంటే అదే.

"నాన్నకిస్తున్నా" అంది వదిన.

"గొయ్యి లోతుగా తవ్వుకోరా" అన్నాడు టేపన్న.

"తవ్వుకున్నాం నాన్నా" అని నెమ్మదిగా వినబడింది. అంటే అక్కడ బాంబులు పడతాయని వాడికీ తెలుసు. అమ్మ కోసం అబద్ధమాడుతున్నాడు. నీకెలా తెలుసని అడగబోయినట్టున్నాడు, వదిన ఫోన్ లాగేసుకుంది.

మర్నాడు టేపన్న ఇంజినీరమ్మ బల్ల ముందు నిలబడ్డాడు. "మావాణ్ణి అక్కడినుంచి తీయించండమ్మా" అన్నాడు. జీవితంలో ఎవర్నీ ఏదీ అడగని మనిషి.

ఆవిడ కాపలావాళ్ల జాబితా తీసి ముందు పెట్టుకుంది. "తీయిస్తాను. వాడి చోటికి ఇంకొకణ్ణి పంపాలి. పంపించమంటారా?"

టేపన్న వెనక్కొచ్చి మిషన్ తొక్కడం మొదలుపెట్టాడు. నాకు ఆవిడ మీద ఒళ్లు మండింది. పెద్ద న్యాయం మాట్లాడొచ్చింది! కాదనే ధైర్యం మాత్రం నాకూ లేకపోయింది.

ఆ వారమే, గాలివానకు చిరిగిందని కొడుకున్న చోటి గుడ్డ లాంచర్ షెడ్డుకు రిపేరుకొచ్చింది. చుట్టుపక్కల ఎవరూ లేనిది చూసి నేను మిషన్ మీదికి వంగాను.

"అన్నా, ఒక్క అతుకు వదులుగా వదిలెయ్. పెట్టిన పూటకే గాలి పోయి చతికిలబడుతుంది. ఉత్తదని తెలిసి వాళ్లు దాని జోలికే రారు."

"రారు. అసలుదాన్ని వెతుక్కుంటూ వెళ్తారు. అక్కడ మాత్రం పిల్లలు లేరా?" అన్నాడు.

ఆ అతుకు మీద మళ్లీ ఇంకో వరస కుట్టాడు. కుట్టు పూర్తయ్యేదాకా తలెత్తలేదు. నేను సొట్ట వేయాల్సిన చోట సొట్ట వేశాను. ఈసారి సరదా అనిపించలేదు.

ఆ లాంచర్ తిరిగి వెళ్లాక వచ్చిన ఆదివారం మళ్లీ వాళ్లింట్లోనే భోజనం. వదిన ముఖం అలా తేటగా ఉండగా చూసి చాలా కాలమైంది. కొడుకు భయంలేని చోట ఉన్నాడని ఆవిడ ధీమా. టేపన్న పళ్లెంలో ఇంకో గరిటె వేస్తూ అంది:

"ఆ గుడ్డబొమ్మల్ని ఎవరు కుడుతున్నారో గాని, వాళ్ల చేతులు చల్లగుండ! నా బిడ్డ ప్రాణాలు నిలబెట్టారు."

మేమిద్దరం పళ్లేల్లోకి చూస్తున్నాం.

"మీరూ ఆ దిక్కుమాలిన పరుపులు మానేసి, అలాంటివి కుట్టొచ్చు కదండీ? కాస్త పుణ్యమైనా వస్తుంది."

"అడిగి చూస్తాలే" అన్నాడు టేపన్న.