పొదిలి నుంచి వచ్చిన పిడికెడు బియ్యం

1985లో నేను గుంటూరులో ఒక క్రైస్తవ వేదాంత కళాశాలలో మెస్ స్టీవార్డ్‌ని. పాస్టర్లు కాబోయే విద్యార్థులకు వేళకు అన్నం పెట్టించడం నా ఉద్యోగం. రోజూ పొద్దున్నే వంటమనిషికి ఇండెంట్, అంటే ఆ రోజుకి స్టోర్ నుంచి ఇవ్వాల్సిన సరుకుల చీటీ, రాసిచ్చేవాణ్ణి. ఫీజు కట్టలేని వాళ్ల కోసం వాళ్ల ఊళ్లలోని చర్చి సంఘాలే తిండిగింజలు పంపేవి.

పొదిలి వైపు ఒక పల్లె నుంచి దానియేలు అనే కుర్రాడి కోసం వచ్చే బస్తా అంటే నాకు ఒళ్లుమంట. అక్కడి సంఘంలో ఆడవాళ్లు పొయ్యి మీద ఎసరు పెట్టినప్పుడల్లా ఒక పిడికెడు దేవుడికని వేరే కుండలో వేసేవాళ్లు. ఇంటింటి గింజలూ ఒకే బస్తాలో కలిసేవి. సన్నం, దొడ్డు, పాతవి, కొత్తవి! వండితే సగం ముద్ద, సగం పలుకు. వంటమనిషి నా మీద ఎగిరేవాడు.

ఆ ఏడు అటు వానలు మొహం చాటేశాయి. కూలిపనుల్లేవు. అయినా బస్తా వచ్చింది. అది చూసి దానియేలు కంచం ముందు నుంచి లేచిపోయాడు.

"మావాళ్లు గంజి తాగుతున్నారు సార్. ఈ అన్నం నాకు గొంతు దిగదు. చదువు మానేసి ఏదన్నా పని చూసుకుంటా."

ఎంత చెప్పినా వినలేదు, పెట్టె సర్దేశాడు. పస్తులున్నవాళ్ల బియ్యం మనకెందుకులే అని నాకూ అనిపించింది. ఏదో పెద్ద ధర్మం చేస్తున్నట్టు బస్తాని బస్సు టాపు మీద వేయించి అతనితో బయల్దేరాను.

బియ్యం పోగుచేసే సువార్తమ్మ ఇంటిముందు దాన్ని దించి, వచ్చిన పని చెప్పాను. ఆవిడ మొహం ఎర్రబడింది.

"దేవుడికిచ్చింది మళ్లీ ఇంటికి తెస్తారా ఎవరన్నా? ఏరా దానియేలూ, నువ్వు చదువు మానేస్తే మా కడుపులు నిండుతయ్యా?"

"అది కాదు పెద్దమ్మా, మీరు తినకుండా..."

"నోర్ముయ్! పిడికెడు తీసినప్పుడల్లా నీ పేరు చెప్పి ప్రార్థన చేసుకుంటున్నాం. మాకు చదువా, సంధ్యా? దేవుడి పనిలో మా చెయ్యి కూడా ఉందని చెప్పుకోడానికి ఆ పిడికెడే ఉంది. అది కూడా వద్దని మమ్మల్ని అంత పేదోళ్లని చెయ్యమాకురా!"

దానియేలు అక్కడే కూలబడి ఏడ్చేశాడు. లోపల పొయ్యి మీద ఎసరు మరుగుతోంది. పక్కన చేటలో కాసిన్ని జొన్ననూకలు. ఆవిడ వాటిలోంచి ఒక పిడికెడు తీసి, కళ్లు మూసుకుని, అతని పేరు పైకే చెప్పి ప్రార్థన చేసింది. బస్తా మూతి విప్పి నూకలు అందులో వేసింది. చేటలో మిగిలినవి ఒక మనిషికి కూడా చాలవు. ఆ ఉద్యోగంలో పెద్దపెద్ద దాతల్ని చూశాను కానీ, ఇవ్వడమంటే ఇలా ఉంటుందని ఎన్నడూ ఎరగను.

దానియేలు కళ్లు తుడుచుకుని బస్తాని తనే నెత్తికెత్తుకుని బస్సు వైపు నడిచాడు. నేనూ కదలబోతుంటే సువార్తమ్మ పిలిచింది.

"బాబూ, పిల్లలకి అన్నం పెట్టించేది నువ్వేగా? నీ పేరేంది?"

"ఎందుకమ్మా?"

"ఇక నుంచి నీకోసం కూడా ప్రార్థన చేద్దామని."

లేనివాళ్ల మీద జాలిపడి ఇచ్చిపోదామని వచ్చినవాణ్ణి నేను. వాళ్ల దగ్గర పుచ్చుకునేవాళ్లలో నేనూ ఒకణ్ణని అప్పుడు తెలిసింది. చెప్పులు విడిచి, ఆవిడ ముందు తలవంచి నా పేరు చెప్పాను. ఆవిడ కళ్లు మూసుకుని దాన్ని ఒకసారి పైకే అనుకుంది.