నల్లగా అయితే ఫరవాలేదన్న నర్సమ్మ

ఆ రోజుల్లో నాకు సిగ్గెక్కువ, తెలివి తక్కువ. ఈ వయసులో ఆ మాట ఒప్పుకోవడానికి మొహమాటమేమీ లేదు. తొంభైల చివర్లో, ఇరవై రెండేళ్లకే, కొయ్యూరు అవతల కొండల మీదున్న నాలుగైదు గూడేలకు నన్ను నర్సుగా వేశారు. గర్భిణులకు ఐరన్ మాత్రలివ్వడం, పిల్లలకు టీకాలు వేయడం, ఎవరికైనా విరేచనాలు పట్టుకున్నాయేమో కనుక్కోవడం నా పని. ఆ చివరిది తప్ప అన్నీ బాగానే చేసేదాన్ని. కింద ఊళ్లో పద్ధతిగా పెరిగిన పిల్లను, ఆ సంగతి నోరు తెరిచి ఎలా అడగను? అందుకని ట్రైనింగ్ పుస్తకంలో ఉన్నట్టే "మలవిసర్జన సక్రమంగా జరుగుతోందా" అని అడిగేదాన్ని. వారం రోజులు అలా అడిగాక ఒకావిడ, నన్ను నొప్పించకూడదనుకుందో ఏమో, చాలా నెమ్మదిగా, "అది మా ఊరికి రానేదమ్మా. పై గూడెమోళ్లకి ఇచ్చినారేటో" అంది. (ఏదో ప్రభుత్వ పథకమనుకుంది పాపం.)

కొండలెక్కి దిగి నాకే ఆయాసం వస్తుంటే, మా పెద్ద సిస్టరు నా కనురెప్ప లాగి చూసి, "ఒంట్లో రక్తం లేదు నీకు, ఈ ఐరన్ మాత్రలు నువ్వూ వేసుకో" అంది. వేసుకున్నాను. మూడో రోజు పొద్దున చూసుకుంటే దొడ్డి నల్లగా ఉంది. నల్లగా అయిందంటే కడుపులో రక్తం పోతున్నట్టు అని ట్రైనింగులో చెప్పింది నాకు బాగా గుర్తుంది. ఐరన్ మాత్రల గురించి ఏం చెప్పారో మాత్రం గుర్తులేదు. (మధ్యాహ్నం భోజనం తర్వాతి క్లాసు అది.) నా పని అయిపోయిందనుకున్నాను. నా కమ్మలు చెల్లికివ్వమని అమ్మకు ఒక ఉత్తరం రాసి, సంచీలో పెట్టుకుని, ఏడుస్తూ ఆరు మైళ్లు నడిచి కింద మా ఆసుపత్రికి చేరాను. తీరా డాక్టరుగారి ముందు నిలబడ్డాక, నాకేనని చెప్పుకోలేకపోయాను.

"సార్, నా స్నేహితురాలొకామెకి... నల్లగా అవుతోంది సార్."

ఆయన నా మొహం ఒకసారి చూసి, "మీ స్నేహితురాలు ఐరన్ మాత్రలు వేసుకుంటోందా?" అన్నారు.

"అవును సార్."

"అయితే ఆ రంగు మాత్రలదే, భయం లేదని చెప్పు. మానెయ్యొద్దని కూడా చెప్పు. ఆమె మొహం బాగా పాలిపోయింది."

ఉత్తరం దారిలోనే చింపేశాను. ఆ రోజు నుంచి నా అంత జ్ఞాని ఆ కొండల్లో లేదు. మాత్రలు వేసుకున్న ఆడవాళ్లెవరు భయపడుతూ వచ్చినా "నల్లగా అయితే ఫరవాలేదు" అని ధీమాగా చెప్పి పంపేదాన్ని.

పక్క గూడెంలో ఒక తాత ఉండేవాడు. ఎప్పుడూ నోట్లో చుట్ట ఉండేది కాబట్టి అందరికీ చుట్టల తాతే. ఒక పొద్దున నేను వాళ్ల వీధిలో వెళ్తుంటే పిలిచి, "నర్సమ్మా, రెండ్రోజులబట్టి దొడ్డి నల్లగవుతంది, ఏటంటావు?" అన్నాడు. నేను ఆగను కూడా ఆగలేదు. "ఏం ఫరవాలేదు తాతా, నాకూ అంతే" అని నవ్వుతూ వెళ్లిపోయాను. మూడిళ్లు దాటి, నాలుగో ఇంట్లో గర్భిణికి మాత్రలిస్తుంటే అప్పుడు వెలిగింది. ఇవి నేను తాతకెప్పుడిచ్చాను?

పరుగెత్తుకుంటూ వెనక్కి వచ్చేసరికి తాత అరుగు మీద గోడకు జారబడి ఉన్నాడు. నుదుటి మీద చల్లటి చెమట. సిగ్గు ఎటు పోయిందో పోయింది.

"తాతా, దొడ్డి ఎలాగుంది? గట్టిగానా, జిగురుగానా?"

"కింద రోడ్డుకి తారేత్తారు సూడు, అలగ. కంపు సెప్పనేను, మా కుక్క కూడా లేసెల్లిపోనాది."

"కళ్లు తిరుగుతున్నాయా?"

"నిలబడితే తిరుగుతన్నాయి."

"మాత్రలేమైనా మింగుతున్నావా?"

"మోకాళ్లకని సంతలో కొన్నాను. రోజుకి మూడు. తిండి సయించక కాళీ కడుపునే ఏసుకుంతన్నాను."

తాత కొడుకును కేకేశాను. దుప్పటిని కర్రకు కట్టి, ఊరివాళ్లు నలుగురు మార్చుకుంటూ తాతను మోసుకుని దిగారు. రోడ్డు మీద అనాసపళ్లతో నిండిన జీపొకటి ఆపితే, డ్రైవరు మారుమాట లేకుండా సగం పళ్లు దింపి చోటిచ్చాడు. దారి పొడుగునా తాత చెయ్యి పట్టుకునే ఉన్నాను. ఆ చెయ్యి చల్లబడుతుంటే, నా నవ్వు నాకే వినిపిస్తూ ఉంది.

డాక్టరుగారు తాత నాడి చూసి, సెలైన్ పెట్టించి, అదే జీపులో పట్నం పెద్దాసుపత్రికి పంపించారు. ఆ మోకాళ్ల నొప్పి మాత్రల వల్ల కడుపులో పుండు పడి రక్తం కారుతోందట. రక్తం ఎక్కించాల్సి వస్తుందంటే నేనిస్తానన్నాను. "ముందు మీ స్నేహితురాలిని కోలుకోనీ" అన్నారాయన. పట్నంలో తాత కొడుకిచ్చాడు. జీపు వెళ్లిపోయాక, ఫరవాలేదని ముందు నేనే చెప్పానని ఏడుస్తూ ఒప్పుకున్నాను. ఆయన తిట్టలేదు.

"రంగొక్కటే చూస్తే ఎలాగమ్మాయ్? ఏం తిన్నాడు, ఏం మింగాడు అని కూడా అడగాలి. తారులా జిగురుగా అయినా, రక్తం పడినా ఆ రోజే పంపించు. కళ్లు తిరుగుతుంటే ఇంక ఆలోచించకు. దొడ్డి సుద్దలా తెల్లబడి కళ్లు పచ్చబడినా ఆగొద్దు. ఉత్తినే దొడ్డికెళ్లే అలవాటు మారి రెండు మూడు వారాలైనా సర్దుకోలేదనుకో, అప్పుడూ చూపించమను."

తాత పన్నెండు రోజులకు నడిచి తిరిగొచ్చాడు. నేను ఎదురెళ్లి, "తప్పు నాదే తాతా" అన్నాను. ఆయన నోట్లో చుట్ట తీసి, "ఎల్లిపోనావు, మల్లీ వొచ్చినావు గదేటి గుంటా" అన్నాడు. అంతటితో ఊరుకోలేదు. తన దొడ్డి సంగతి చుట్టుపక్కల గూడేలన్నిటికీ, కుక్కతో సహా, వివరంగా చెప్పుకొచ్చాడు. ఆ తర్వాత నేను ఏ గూడెంలో అడుగుపెట్టినా అరుగుల మీద జనం నా కోసం కాచుకుని ఉండేవారు. ఒకరిది రాగి అంబలి, ఒకరిది నానిన కాఫీ తొక్కలు, ఒకరిది మేక పెంటికలు. పోలికలకు లోటు లేదు. చేతిలో టీ గ్లాసు పట్టుకుని, చెవులదాకా ఎర్రబడి, "జిగురుగానా? ఎన్నాళ్లనుంచి?" అని అడుగుతూ నిలబడిన ఆ పిల్లను తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. పాపం, ఒక్క రోజు కూడా ఆ టీ వేడిగా తాగలేకపోయింది.