చప్పుడు లేని కంప్యూటర్ కోసం నేను చేసిన చప్పుడు

బేరంలో నన్ను గెలిచే మనిషి సూర్యాపేటలో ఇంకా పుట్టలేదని నాకు చాలాకాలం గట్టి నమ్మకం ఉండేది. అది మిర్యాలగూడలో, పట్టపగలు, నిండు దుకాణంలో, నా నోటితోనే ఎట్లా ఊడిందో ఇప్పుడు చెప్తాను. మొహమాటపడకుండా నవ్వండి. మిర్యాలగూడ వాళ్లు మొహమాటపడలేదు.

మాది స్టీలు సామాన్ల దుకాణం. బిందెలు, గిన్నెలు, క్యారేజీలు. నాకు మాటలు రాకముందే మా నాయన నేర్పిన విద్య ఒకటుంది: వస్తువును చేతిలో పట్టి బరువు చూడాలి, వేలితో కొట్టి పలుకు వినాలి. ఖంగుమని పలికితే మంచి సరుకు, పలక్కపోతే పక్కన పెట్టు. ఈ విద్యతో బిందెలు కొంటే బాగుపడతారు. నేను కంప్యూటర్ కొన్నాను.

కథ మా ఆవిడ లావణ్య గొంతుతో మొదలైంది. ఆమె ప్రైవేటు బడిలో తెలుగు టీచరు. క్లాసు నిండా పిల్లలు, వాళ్ల మీద అరిచి అరిచి సాయంత్రానికి ఆమె గొంతు తుప్పు పట్టిన గేటు లెక్క కిర్రుమనేది. అట్లాంటి సమయంలో పిల్లల కథలు చదివి వినిపించే హైదరాబాద్ కంపెనీ ఒకటి తగిలింది. కథ చదివి పంపండి, నచ్చితే పని మీదే అన్నారు. అరవకుండా మెల్లగా మాట్లాడినందుకు జీతమిచ్చేవాళ్లు కూడా ఉంటారని తెలిసి లావణ్య ఆ రోజు అన్నం కూడా సరిగా తినలేదు. మా పాత కంప్యూటర్ ముందు కూర్చుని కథ చదివి పంపింది. జవాబొచ్చింది.

"చాలా బాగా చదివారు మేడం. కానీ పక్కనే పిండిగిర్ని ఉన్నట్టుంది. అది ఆడనప్పుడు చదివి మళ్లీ పంపండి."

పిండిగిర్ని కాదు, మా కంప్యూటరే. నెల రోజుల గడువిచ్చారు. ఆఖరి శనివారం సాయంత్రం ఐదింటి లోపు అందకపోతే ఇంకొకరిని చూసుకుంటామన్నారు.

"నువ్వు ఫికర్ చెయ్యకు," అన్నాను. "చీమ నడిస్తే వినపడాలె గానీ కంప్యూటర్ నడిస్తే వినపడొద్దు. గసొంటిది తెస్త. పదేండ్లు నడవాలె. బేరం నాకిడిసిపెట్టు."

"బేరం సంగతి నాకెర్కనే," అంది లావణ్య. "నాకు భయం గూడ అదే."

ఏ భాగాలు కొనాలో చెప్పడానికి మా బామ్మర్ది సందీప్ ఉన్నాడు. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. వాడు ఫోన్లో క్లాసు తీసుకున్నాడు.

"బావా, చిన్న ఫ్యాను జోరుగ తిరిగి లొల్లి చేస్తది. పెద్ద ఫ్యాను మెల్లగ తిరుగుతది, సప్పుడుండది. అందుకే పెద్దయి తీస్కో. హార్డ్ డిస్క్ వద్దు, లోపల చక్రం తిరుగుతది. చక్రం లేని ఎస్ఎస్‌డి తీస్కో. పవర్ సప్లై కాడ మాత్రం కక్కుర్తి పడకు. అది పోతే పోతా పోతా అన్నిట్ని తీస్కపోతది. అవసరానికి మించిన బలమున్నది తీస్కుంటే మామూలు పనికి దాని ఫ్యాను తిరగనే తిరగదు."

"తిరగని ఫ్యానుకు నేను పైసలెందుకియ్యాలె?"

"బావా, అది తిరగకపోవుడే గొప్ప!"

"తిరగకపోవుడు గొప్పయితే మా గోదాములున్న పాత కూలర్ ఎంత గొప్పదిరా!"

వాడు ఫోన్ పెట్టేసి, కొనాల్సిన భాగాల చీటీ రాసి పంపాడు.

ముందు మా సూర్యాపేటలోనే అడిగాను. వాళ్లు చూపించినదానికి అన్ని పక్కలా అద్దాలు, అద్దాల నిండా రంగురంగుల లైట్లు. స్విచ్చి వేస్తే పెళ్లి బరాత్ దుకాణంలోకే వచ్చినట్టైంది. "పిల్లల కథలు చదవాలె భయ్, పిల్లలకు పెండ్లి చెయ్యొద్దు," అని బయటపడ్డాను.

భాగాలన్నీ లోపల పెట్టే డబ్బా, అంటే క్యాబినెట్ కోసం కోదాడ పోయాను. అక్కడి షాపాయన మాట సగం అటు ఆంధ్రా వైపు వంగి ఉంటుంది. "ఇది చూడండి, తలుపుల లోపల మందపాటి ఫోము వేశారు. సౌండ్ బయటకి రానివ్వదండి," అన్నాడు.

వేలితో కొట్టాను. ధబ్బుమంది. మా నాయన విద్య ప్రకారం అది చెడ్డ సరుకు. పలకని డబ్బాను మెచ్చుకోవడం నా జీవితంలో అదే మొదలు. అయినా ఉత్తి మాట నమ్మితే నేను వ్యాపారస్తుణ్ని ఎట్లా అవుతాను? నా ఫోను అందులో పెట్టి, తలుపులు మూసి, "ఇప్పుడు నాకు ఫోన్ కొట్టండి," అన్నాను. ఆయన కొట్టాడు. ఇద్దరం మోకాళ్ల మీద కూర్చుని, పాపాయి గుండె చప్పుడు వినే డాక్టర్ల లెక్క డబ్బాకు చెవులానించాం.

"వినపడుతున్నది గదండి," అన్నాను.

"చెవి ఆనిస్తే వినపడుద్దండి. కంప్యూటర్‌కి చెవి ఆనించి ఎవరు పడుకుంటారండి?"

"వినపడ్డ కాడికి తగ్గించండి."

ఆయన తగ్గించాడు. ధర తగ్గించకపోతే ఈ మనిషి డబ్బాలో ఫోను మోగిస్తూ సాయంత్రం దాకా ఇక్కడే ఉంటాడని భయపడ్డాడని నా అనుమానం.

మిగతా సామానంతా మిర్యాలగూడ యాదగిరి దగ్గర. పెద్ద షాపు, మెత్తటి మనిషి, నా ఈడే. అన్నీ నేను తెచ్చిన కోదాడ డబ్బాలోనే బిగించి ఇస్తానన్నాడు. ప్రాసెసర్ వేడెక్కకుండా దాని మీద కూర్చోబెట్టే కూలర్ తీసి చేతిలో పెట్టాడు. అబ్బ, ఏం బరువు! నాలుగు గిన్నెల క్యారేజీ నిండా పప్పు పోసినంత. మారు మాట్లాడకుండా ఒప్పుకున్నాను. తర్వాత ఎస్ఎస్‌డి పెట్టాడు. అగ్గిపుల్లల పెట్టె పాటి కూడా లేదు, నోట్లో వేసుకుని నమిలే బబుల్‌గమ్ పట్టీ అంత ఉంది.

"యాదగిరన్నా, గిది కొసరా?"

"కొసరేంది సేటూ, కూలర్ కంటె అదే ఎక్కువ ధర!"

"గాలికి ఎగిరిపోయేటట్టున్నది, దీనికి గంత ధరా?"

బేరం మధ్యాహ్నం దాకా సాగింది. ఎక్కడా కదలకపోతే నా దగ్గరున్న బ్రహ్మాస్త్రం తీశాను. "కోదాడల ఇదే సామాను ఎంతకిస్తమన్నరో తెలుసా?" అని ఒక అంకె చెప్పాను. మీకు చెప్పడానికి సిగ్గేముంది, ఆ అంకెను అప్పుడే, అక్కడే, నేనే కన్నాను. యాదగిరి ముఖం చిన్నబోయింది. తగ్గాడు. నాకు ఎంత సంతోషమైందంటే అక్కడితో ఆగలేకపోయాను.

"ఫ్యాన్లకు లైట్లు వద్దు. లైట్లు లేనియి పెట్టి ఇంకొంత తగ్గించు."

"సరే."

"ముందర గీ పవర్ లైటెందుకు? అది గూడ తీసెయ్. దానికెంత తగ్గిస్తవ్?"

యాదగిరి స్క్రూడ్రైవర్ కింద పెట్టాడు. "అది ఆన్‌ల ఉన్నదా లేదా తెలుస్తది సేటూ. ఉండనీ."

"ఆన్‌ల ఉంటె నాకు తెల్వదా? తీసెయ్."

"చాయ్ తాగిపిస్త," అన్నాడు. ఆ లైటు వైరు పీకించుకుని, చాయ్ తాగి, గెలిచిన మొగోడి లెక్క ఇంటికి వచ్చాను.

శనివారం రానే వచ్చింది. పొద్దున లావణ్య గదిలో సీలింగ్ ఫ్యాను ఆపింది, కిటికీలు మూసింది, పై పోర్షన్ ఆవిడను బతిమాలి వాషింగ్ మిషన్ ఆపించింది. నన్ను దుకాణానికి పంపించేసింది. మధ్యాహ్నం మూడింటికి నేను అన్నానికి వచ్చేసరికి ఇంట్లో ఎవరూ లేరు. గది తలుపు తీసి చూస్తే మానిటర్ నల్లగా ఉంది. డబ్బా దగ్గర చప్పుడు లేదు. లైటు లేదు. చెయ్యి పెట్టి చూస్తే చల్లగా ఉంది. మానిటర్ బటన్ నొక్కితే సిగ్నల్ లేదని ఒక ముక్క చూపించి మళ్లీ కళ్లు మూసుకుంది. వంగి డబ్బాను వేలితో కొట్టాను. ధబ్.

ఐదింటికి గడువు. వెంటనే సందీప్‌కు ఫోన్ కలిపాను.

"అరేయ్, కంప్యూటర్ సచ్చిందిరా!"

"కీబోర్డు మీద ఏదన్న నొక్కి సూశినవా బావా?"

"పలుకుతనే లేదురా, నొక్కేదేంది! ఆ యాదగిరిగాడు ముంచిండు. మూతి మీద నవ్వు సూశి మంచోడనుకున్న. వాడంత అమాయకుడు గాదురా, కోదాడ ధర అని నేను గాలిల మాట చెప్తె గట్ల నమ్మినప్పుడే నాకు డౌట్ రావాల్సుండె. పొట్ట నిండ దొంగబుద్ధి. ఆ చాయ్ గూడ నీళ్ల చాయ్!"

ఇట్లా ఇంకా చాలా ఉంది. మా నాయన బాకీ ఎగ్గొట్టినవాళ్లకు కూడా వాడని మాటలు కొన్ని వాడాను. తర్వాత ప్లగ్గు పీకి, డబ్బాను దుప్పట్లో చుట్టి, మిర్యాలగూడ బస్సెక్కాను. పక్క సీటు ముసలమ్మ దుప్పటి పక్కకు జరిపి చూసి, "అయ్యో బిడ్డా, పసిపిల్లనుకున్న," అంది.

షాపు నిండా జనం. మనసులో ఎంత మంట ఉన్నా రిపేరు చేయించుకునే దాకా తియ్యగా ఉండాలి, అది మా వ్యాపార సూత్రం. "యాదగిరన్నా, జర సూడరాదే. ఏదో చిన్న తక్లీఫ్. నువ్వున్నవన్న ధైర్యంతోని వచ్చిన."

యాదగిరి వైర్లు పెట్టి బటన్ నొక్కాడు. టకీమని తెర వెలిగింది.

"బంగారం లెక్క నడుస్తున్నది గద సేటూ!"

"మా ఇంట్ల సప్పుడు లేకుండె అన్నా."

"సప్పుడు వద్దని నువ్వే గద ఆ దినం నా పాణం తీసినవ్! ముట్టకుంటె తెర పండుకుంటది గానీ లోపల నడుస్తనే ఉంటది. ఇగో, మధ్యల ఆగిన రికార్డింగ్ ఏదో ఉన్నదంటున్నది. తెరవాల్నా అని అడుగుతున్నది. సూద్దామా?"

చూద్దామన్నాను. షాపులో ఆ మూలా ఈ మూలా పెద్ద స్పీకర్లు. వాటిలోంచి లావణ్య గొంతు వచ్చింది. గోరింక పిల్ల ఒకటి గూడు దారి తప్పిన కథ. వెనక గాలి కదిలిన చప్పుడు కూడా లేదు. జనం మాటలాపి విన్నారు. ఛార్జర్ కోసం వచ్చిన ఒకాయన ఛార్జర్ సంగతే మర్చిపోయాడు. కథ అయిపోయింది. కుర్చీ జరిగింది. "అక్కా, ఇగ మిషన్ ఏస్కో!" అని లావణ్య దూరం నుంచి పిలవడం వినపడింది. రికార్డింగ్ ఆపకుండానే పైకి పోయిందన్నమాట. తర్వాత కొంత నిశ్శబ్దం. తర్వాత తలుపు.

తర్వాత ధబ్.

"అరేయ్, కంప్యూటర్ సచ్చిందిరా!"

ఆపమని అందామంటే నా నోరు తెరుచుకోలేదు. స్పీకర్లలో మాత్రం బాగా తెరుచుకుంది. యాదగిరి చేతులు కట్టుకుని, తల వంచి, భజన వింటున్నంత శ్రద్ధగా విన్నాడు. కోదాడ ధర గాలి మాటన్న చోట కళ్లెత్తి నన్ను చూశాడు. పొట్ట దగ్గర తన పొట్ట చూసుకున్నాడు. నీళ్ల చాయ్ అన్నప్పుడు మాత్రం నిజంగా నొచ్చుకున్నాడు.

అదే సమయానికి నా ఫోన్ మోగింది. లావణ్య.

"ఏమయ్యా, కంప్యూటర్ లేదు! ఇంట్ల దొంగలు వడ్డరు! పోలీసోళ్లకు ఫోన్ చేస్తున్న!"

"చెయ్యకు. ఎత్తుకొచ్చింది నేనే. మిర్యాలగూడల ఉన్న."

ఆమె ఏమీ అనలేదు. ఆ అనకపోవడం ఎంతసేపో నాకు తెలియదు, చెవి మాత్రం కాలింది. చివరికి, "కథ ఉన్నదా, పోయిందా?" అంది.

"ఉన్నది, ఉన్నది. మొత్తం ఉన్నది."

"అయితే ఆడ్నుంచే పంపు. ఐదైతున్నది!"

మొత్తం ఉండడమే కదా నా బాధ. "యాదగిరన్నా," అన్నాను, "కథ అయిపోయినకాడికి ఉంచి, ఎనకాలది కోసెయ్యవా?"

"కోస్త సేటూ. ఉత్త సప్పుడు కోస్తె ఒక ధర. నన్ను తిట్టింది కోస్తె ఇంకో ధర."

ఎవరైనా ఏం చేస్తారు? సరే అంటారు. నేను బేరంలో పుట్టినవాణ్ని. "రెండు కలిపి ఒక ధర చెప్పు," అన్నాను.

"కోదాడల ఎంతకు కోస్తరో కనుక్కొని రాపో."

షాపంతా గొల్లుమంది. "గది కాదన్నా, జర నాయంగ చెప్పు," అన్నాను. ఆయన ఒకటి చెప్పాడు, నేను సగం చెప్పాను. ఆయన కొంచెం దిగాడు, నేను కొంచెం ఎక్కాను. ఛార్జర్ ఆయన మధ్యవర్తిగా దిగాడు. మళ్లీ ఫోన్ మోగింది.

"ఐదుకు రెండు నిమిషాలే ఉన్నయి! ఏం జేస్తున్నవ్ ఆడ?"

"జర బేరం నడుస్తున్నది..."

"ఉన్నది ఉన్నట్టు పంపుమను!"

"లావణ్యా, ఎనకాల కొద్దిగ..."

"పంపు!"

లావణ్య మెయిల్ అందులో తెరిచే ఉంది, యాదగిరి పంపేశాడు. ఆ పనికి ఒక్క పైసా తీసుకోలేదు. అంత కష్టమైన ఉచితం నా వ్యాపార జీవితంలో ఇంకోటి లేదు.

సోమవారం కంపెనీ మేడం ఫోన్ చేసింది. లావణ్య స్పీకర్ పెట్టింది. నేను తలుపు చాటున ఉన్నాను.

"మేడం, ఈసారి పిండిగిర్ని చప్పుడు అస్సలు లేదు. మీ గొంతు మా అందరికీ నచ్చింది. పని మీదే. ఒక్కటే సమస్య. చివర్లో ఎవరో ఒకాయన చాలాసేపు అరుస్తున్నారు. ఇకమీదట ఆయన్ని తీసేయడం కుదురుతుందా?"

లావణ్య తలుపు వైపు చూసింది. "తీసుడు కష్టం మేడం. పాత మోడల్. వాపస్ తీస్కునేటోళ్లు లేరు. రికార్డింగ్ అయ్యేదాక బయట పెడత."

ఇప్పుడు ఆమె బడి మానేసింది. గొంతు నయమైంది. కంప్యూటర్ నడుస్తోందో లేదో నా చెవికి నేటికీ తెలియదు, నడుస్తోందని ఆమె చెప్తుంది, నేను నమ్ముతాను. యాదగిరి దగ్గరికి పోయి పవర్ లైటు వైరు మళ్లీ పెట్టించాను. ఎంతంటే అంత ఇచ్చాను.

చివరగా, మా దుకాణంలోని అతిపెద్ద గంగాళం మీద చెయ్యి పెట్టి ఒట్టేసుకున్నాను. మా ఇంట్లో ఏ వస్తువు పలక్కపోయినా, అది చచ్చిందని నా అంతట నేను తేల్చను. లావణ్యను అడుగుతాను. లావణ్యే పలక్కపోతే మాత్రం ఎవరినీ అడగాల్సిన పని లేదు. ఆ రోజు చచ్చింది నేనే.